ఇద్దరికి చోటు

బట్టలు ఆరేస్తుంటే అత్తయ్య వెనకనుంచి అడిగింది, "ఐదేళ్లు చదివి చివరికి ఆసుపత్రి బాత్రూములు గీస్తున్నావా అమ్మాయ్?" మా ఆయన ఫోనులోంచి తల ఎత్తకుండానే "బాత్రూముల స్పెషలిస్టు" అన్నాడు. ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను, నవ్వకపోతే మాట పడలేని మనిషినవుతాను. అయినా అందులో అబద్ధమేముంది? ఆసుపత్రి భవనాలు డిజైన్ చేసే ఆఫీసులో అందరికంటే జూనియర్‌ని నేనే. ముందు హాలు, అద్దాల గోడలు మా సీనియర్ గీస్తారు. వార్డు బాత్రూములు, సామాన్ల గదులు నా వంతు.

ఆ ఎండాకాలం అత్తయ్య జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషనయ్యాక పదకొండు రోజులు ఆసుపత్రిలో ఆమె దగ్గరున్నది నేనే. మా ఆయన సాయంత్రాలు వచ్చి, పళ్లు పెట్టి, "నీకైతే ఇవన్నీ అలవాటే కదా" అని వెళ్లేవాడు. నాకేం అలవాటు? ఒక మనిషిని చంకల కింద పట్టుకుని లేపడం అప్పుడే నేర్చుకుంటున్నాను. అక్కడి బాత్రూములో ఒక్కరికే చోటు. ఇద్దరం వెళితే తలుపు మూతపడదు. తెరిచి ఉంచితే వరండాలో పోయేవాళ్లందరికీ కనిపిస్తుంది. ఒక చేత్తో తువ్వాలు అడ్డం పట్టి, ఇంకో చేత్తో ఆమెను పట్టుకున్నాను. అత్తయ్య గట్టిగా కళ్లు మూసుకుంది. మంచం మీద పడుకోబెట్టిన చాలాసేపటికి, "నువ్వు గీసేవాట్లోనైనా ఇద్దరికి చోటు పెట్టు తల్లీ" అంది. కాలేజీలో ఐదేళ్లూ నాకెవరూ చెప్పని పాఠం అది.

ఆఫీసుకు వెళ్లగానే బాత్రూములన్నీ మళ్లీ గీశాను. తలుపు బయటికి తెరుచుకునేలా, పట్టుకునే మనిషి పక్కన నిలబడేలా. అందుకోసం సామాన్ల గది కాస్త కుదించాను. "నిన్నెవరడిగారు? సెంటిమెంటు ఇంట్లో పెట్టి రా" అని మా సీనియర్ విసుక్కున్నారు. మార్చడానికి వ్యవధి లేక మీటింగుకు అలాగే తెచ్చారు.

మేం గీస్తున్న కొత్త ఆసుపత్రి తరఫున వచ్చిన హెడ్ నర్సు అద్దాల గోడలు దాటేసి నా కాగితం దగ్గర ఆగింది.

"ఇది గీసిందెవరు?"

"మా టీమేనండీ" అన్నారు సీనియర్.

"టీమ్ సంగతి సరే. పేషెంటుని పట్టుకుని నిలబడ్డ మనిషెవరో చెప్పండి."

చెయ్యెత్తాను.

"పాతికేళ్లుగా అడుగుతున్నామమ్మా, వినే నాథుడు లేడు. గురువారం డాక్టర్లందరికీ నువ్వే చెప్పాలి."

కాగితం మూలన 'గురువారం' అని రాసుకున్నాను.

ఇంటికొచ్చేసరికి మా ఆయన, "గురువారం అమ్మని చెకప్‌కి తీసుకెళ్లాలి, లీవు పెట్టు" అన్నాడు.

"నాకు మీటింగుంది. నువ్వు తీసుకెళ్లు."

 

"అక్కడ అమ్మకి బాత్రూము అవసరమైతే నేనేం చేస్తాను?"

అత్తయ్య చేతికర్ర పక్కన పెట్టి కొడుకు వైపు చూసింది.

"చిన్నప్పుడు నీకు నేను చేసిందే చెయ్యి నాయనా. ఆ పిల్ల నాకు చెయ్యలేదూ? నేనేమన్నా దాని కడుపున పుట్టానా?"