వాక్యం రాసిన గోడ

నేను ఒక గునపాన్ని. పాత లారీ ఇరుసును కొలిమిలో కాల్చి, సాగగొట్టి నన్ను చేశారు. సమాధులు తవ్వడానికని ఒక చర్చి సంఘంవాళ్ళు నన్ను కొనుక్కున్నారు.

వాళ్ళ సమాధుల తోట మధ్యలో నడుమెత్తు గోడ ఉంది. ఇవతల పై కులాల క్రైస్తవులు, అవతల మాదిగపేట క్రైస్తవులు. రెండువైపులా తవ్వింది నేనే. రెండువైపులా అదే నల్లరేగడి, వానాకాలం అదే జిగురు. ఒకే పాటల పుస్తకం పట్టుకుని పాడినవాళ్ళు చచ్చాక ఎందుకు వేరుపడాలో నా ఇనప బుర్రకి ఎక్కలేదు.

గోడ తీసెయ్యాలని చర్చలు మొదలయ్యాయి. ప్రార్థన, చర్చ, టీ, మళ్ళీ ప్రార్థన. ప్రతిసారీ అందరూ చేతులెత్తి ఒప్పుకునేవారు. ఒకసారి నా మీద ప్రార్థన కూడా చేసి, రిబ్బను కట్టి, సామాన్ల గదిలో మూలన నిలబెట్టారు. తవ్వితే ఇంత అలసట ఉండదు.

విడవకుండా అడిగింది సుగుణమ్మ ఒక్కతే. ఆమె మాదిగపేట మనిషి. భర్త ప్రకాశం గోడకు ఇవతలి కుటుంబంవాడు, పోయాక ఇవతలే పడుకున్నాడు.

"నన్ను ఆయన పక్కనే పెట్టండయ్యా. ఇంకేం అడగను" అనేది.

"దాని గురించే గదమ్మా చర్చిస్తున్నాం" అనేవారు సంఘపెద్ద ఆశీర్వాదరావుగారు. ఆయన మంచివాడే. అదే నా బాధ.

ఇంతలో సమానత్వ ఆదివారం వచ్చింది. బయటి అతిథులొస్తే గోడ వికారంగా కనిపిస్తుందని సున్నం కొట్టించారు. ఊరుకోక దానిమీద నీలిరంగుతో "క్రీస్తులో మనమందరం ఒక్కటే" అని రాయించారు. ఇంకేముంది, వాక్యం ఉన్న గోడను కూల్చడానికి ఎవరికి చేతులొస్తాయి? కొండను తవ్వి ఎలుకను పట్టినవాళ్ళ గురించి విన్నాను. తవ్వకుండానే పట్టేశామని స్తోత్రం చెప్పినవాళ్ళను ఇక్కడే చూశాను.

ఆ ఎండాకాలం సుగుణమ్మ పోయింది. ఈసారికి అవతలే కానిద్దామన్నారు పెద్దలు. పెట్టె గోడ దాకా వచ్చింది. కూతురు కృపావతి సమాధి తవ్వేవాళ్ళ చేతిలోంచి నన్ను తీసుకుని గోడకేసి నడిచింది.

"అమ్మా, దానిమీద వాక్యం ఉంది" అన్నారు పాస్టరుగారు.

"చదివే పొడుస్తున్నానండీ" అంది.

నీలిరంగు పెచ్చులు రాలాయి. ఆమె చేతులు బొబ్బలెక్కాయి. ఎవరూ ఆపలేదు, సాయమూ రాలేదు. కాసేపటికి పాస్టరుగారు తెల్ల అంగీ విప్పి పక్కన పెట్టి, పడిన ఇటుకలు ఎత్తడం మొదలుపెట్టారు. సాయంత్రానికి ప్రకాశం పక్కన గొయ్యి తవ్వాను. ఒళ్ళంతా పులిసిపోయింది. అయినా ఆ అలసట నాకు నచ్చింది.

పెట్టె పట్టేంత సందు పడింది. మిగతా గోడ అలాగే ఉంది. ఆ సందుకి గేటు పెట్టాలా వద్దా అని ఇప్పుడు చర్చలు జరుగుతున్నాయి, టీతో సహా. ఆ రోజు కృపావతి నన్ను తన ఇంటికే తీసుకెళ్ళింది. నన్ను తిరిగి తెమ్మని పెద్దలు మనిషిని పంపారు.

"మిగతా గోడ ఏ రోజు తీస్తారో చెప్పమను. నేనే పట్టుకొస్తా" అంది.

ఇంకా కబురు రాలేదు. నేను ఆమె గుమ్మం పక్కన నిలబడి ఉన్నాను.