పనా, సొంతమా?

పొద్దున ఆరున్నరకు బూడిదరంగు ఫోను మోగుతూండగానే నోయెలీన్ ఎడమ చెవి కమ్మ తీసి బల్ల మీద పెట్టింది. ఇరవై రెండేళ్ల అలవాటు. రిసీవరు ఆని ఆని ఆ చెవితమ్మె చదునుగా అయిపోయింది. ఆస్ట్రేలియాలోని డబ్బో ఊళ్లో ప్లంబరుకూ, పశువుల డాక్టరుకూ, నీళ్ల ట్యాంకరు నడిపేవాడికీ వచ్చే ఫోన్లు ఆమె ఇంట్లోనే మోగుతాయి. వాళ్లు పనిలో ఉంటే కబురు రాసుకుని అందించడం ఆమె పని. వంటింటి గోడకున్న తెల్ల ఫోను మాత్రం సొంతానిది. తల్లి పోయాక అది మోగడం తక్కువే.

"ఏమమ్మాయ్, బతికే ఉన్నావా?" అన్నాడు క్లారీ బూత్‌బీ.

"లేను. నా దెయ్యం మాట్లాడుతోంది" అంది అరవై ఒక్కేళ్ల ఆ అమ్మాయి.

మూడేళ్ల కిందట క్లారీ ఒక ట్యాంకరు నీళ్లు తెప్పించుకున్నాడు. మర్నాడు నీళ్లు అందాయని చెప్పడానికి ఫోను చేశాడు. ఆ తర్వాత ఏ పొద్దూ మానలేదు. రోజుకో ప్రశ్న అడుగుతాడు. ఆమె ఎవరినో కనుక్కుని మర్నాడు జవాబు చెబుతుంది.

"కప్పల సంగతి ఏమైంది?"

"డాక్టరుగారిని అడిగాను. వాన లేనన్నాళ్లూ మట్టి కిందకి పోయి, తమ చర్మాన్నే దుప్పటిలా చుట్టుకుని పడుకుంటాయట. ఒక్కోసారి ఏళ్ల తరబడి."

"ఏళ్లా! ఒంటరిగానా?"

"అది అడగలేదు."

"అడుగు మరి. సగం జవాబుతో నేనేం చేసుకోను?"

ఏడు నిమిషాలు. గళ్ల పుస్తకంలో టైము రాసింది, పేరు రాసింది. చివరి గడి దగ్గర కలం ఆగింది. పన్నుల లెక్కలు చూసే స్టావ్ నాలుగు వారాలపాటు ప్రతి ఫోనూ రాయమన్నాడు. వ్యాపారానికైతే 'పని', కబుర్లకైతే 'సొంతం'. బూడిదరంగు లైను మొత్తం పనికే అని తేలితే దాని ఖర్చంతా పన్నులో మినహాయించుకోవచ్చు. ఇవాళ ఆఖరి రోజు. క్లారీ పేరు పక్కన ఇరవై ఎనిమిది గళ్లూ ఖాళీ.

మధ్యాహ్నం స్టావే ఫోను చేశాడు.

"మీరు పంపిన నకళ్లలో రోజూ కనిపించే ఈ క్లారీ మీకేమవుతాడండీ?"

"ఏమీ అవడు."

"అయితే పనే. రాసేయండి."

"నీళ్లు కొని మూడేళ్లయింది."

"అయితే సొంతం."

"అతని మొహం కూడా నేను చూడలేదు స్టావ్."

"అమ్మా తల్లీ, పన్ను కట్టేవాళ్లలో ఇంత నిజాయితీ ఉంటే మా బతుకులేం కావాలి? సాయంత్రంలోగా ఏదో ఒకటి రాయండి."

ఆమె సాండ్‌విచ్ సగం తిని, పశువుల డాక్టరుకు ఫోను చేసింది. కప్పలు ఒంటరిగానే పడుకుంటాయట. వాన పడగానే బయటికొచ్చి ఒకదాన్నొకటి పిలుచుకుంటాయట. అది విని ఆమెకు ముచ్చటేసింది. రేపు ఎలా చెప్పాలా అని మనసులో మాటలు కూర్చుకుంటూ కబుర్లు రాసుకుంది: ఒక పైపు పగిలింది, ఒక ఆవు ఈనలేక అవస్థ పడుతోంది.

నాలుగింటికి ఎవరో కొత్త గొంతు.

"నోయెలీన్ గారేనా? నేను జోయీని, క్లారీ పక్క పొలం మాది. పొద్దున మీతో మాట్లాడాక వరండాలో కుర్చీలో కూచున్నాడనుకుంటా. నేను వెళ్లేసరికి... నిద్రపోతున్నాడనే అనుకున్నానండీ."

నోయెలీన్ రిసీవరు కుడి చెవికి మార్చుకుంది.

"నా నంబరు మీకెలా దొరికింది?"

"ఇక్కడ వరండాలో ఫోను పైన గోడ మీద పెద్దక్షరాలతో మీ పేరూ, నంబరూ ఉన్నాయి. నీళ్లవాళ్లదని కింద అదే నంబరు వేరే రాసుకున్నాడు. పక్కన బల్ల మీద ఏదో కాగితం... రేపు మిమ్మల్ని అడగాల్సినవనుకుంటా. చదవనా?"

"చదవండి."

"చీమలకు నిద్ర ఉంటుందా. గాలిమర ఎందుకు కీచుమంటుంది. తర్వాత... నోయెలీన్ టీలో పంచదార వేసుకుంటుందా."

"రెండు చెంచాలు" అంది నోయెలీన్.

ఫోను పెట్టేసి పుస్తకం తెరిచింది. మొదటి గడి నుంచి ఇరవై ఎనిమిదో గడి దాకా తొందరపడకుండా 'సొంతం' అని రాసింది. స్టావ్ గొణుగుతాడు, గొణగనీ అనుకుంది.

ఆ కాగితాన్ని జోయీ కదపలేదట. గాలికి ఎగిరిపోకుండా క్లారీ దాని మీద పెట్టుకున్న కళ్లజోడు, మడవని కాడలతో, ఇంకా వరండా బల్ల మీదే ఉంది.