పర్యవేక్షణలో రెండు గంటలు

ముప్పై ఒకటో ట్రక్కును తూకానికి రమ్మని సైగ చేస్తూ, మార్డెల్ హ్యూస్‌బీ సంయుక్త వాక్య లక్షణాలను లోలోపల వల్లె వేసుకుంటోంది. అరవయ్యో ఏట ఉన్న ఆ విదుషీమణి కనుబొమలమీద గోధుమ ధూళి, చెవి మీద పెన్సిలు. ఉత్తర డకోటాలోని ఆ ధాన్యపు గిడ్డంగిలో నలభై యేళ్లుగా ఒక్క తప్పుడు తూకమూ రాయని కీర్తి ఆమెది. పదో తరగతిలో బడి మానేసిన అపకీర్తీ ఆమెదే.

"ఏం మార్డెల్, ఇంకా పాసవలేదా? నీ మనవరాలు నిన్ను దాటేసేలా ఉందే," అన్నాడు డ్రైవర్ గ్లెన్.

"ముందు నీ గోధుమల్లో తడెంతుందో చూసుకో."

మాట గట్టిగానే వచ్చింది గాని వల్లెవేత మళ్లీ మొదటికొచ్చింది. దూరవిద్యలో హైస్కూలు పూర్తిచెయ్యడానికి ఆమెకు మిగిలింది ఒక్క పరీక్షే: రచన, వ్యాకరణం, అమెరికన్ సాహిత్యం. వసంతంలో ఒకసారి తప్పింది. మూడో అవకాశం లేదు. పైగా బంధువు కాని పెద్దమనిషి ఒకరు ఎదుట కూర్చుని కాపలా కాయాలి, చివర కవరు మీద సంతకం చెయ్యాలి. అందరూ అందరికీ చుట్టాలైన ఆ ఊళ్లో ఆ అర్హత ఒక్క పాస్టర్ ట్వైట్‌కే దక్కింది. ఆయన పక్క రాష్ట్రం మిన్నెసోటా నుంచి వచ్చి యాభై యేళ్లే అయింది.

ఆ మధ్యాహ్నం మూడింటికి, చర్చి నేలమాళిగలో, ఆయన నిబంధనలను దివ్యవాక్యంలా చదివి వినిపించాడు.

"తల ఎత్తకూడదు, మాట్లాడకూడదు. నేను చూస్తూనే ఉంటా, మార్డెల్."

"సరే, పాస్టర్ గారూ."

ఆయన చూపు రెండు గంటలూ మాడు మీద ఎండలా కాసినట్టే అనిపించింది ఆమెకు. రాసింది కొట్టేసి మళ్లీ రాసింది. అమెరికన్ సాహిత్యంలో ఒంటరి మనిషిని గురించి అడిగిన ప్రశ్నకు మాత్రం, తూకపు గదిలో గడిచిన నలభై యేళ్లు తోడు రాగా, నాలుగు పుటలు నిండాయి. మధ్యలో ఎక్కడో కుర్చీ కిర్రుమంది. ఒక దీర్ఘశ్వాస వినిపించింది. ఆమె తల ఎత్తలేదు.

"అయిపోయింది, పాస్టర్ గారూ," అంది ఐదింటికి.

గడ్డం ఛాతీ మీద వాల్చి ఉన్నాడాయన. రెండుసార్లు పిలిచింది. చేయి ముట్టుకుంటే చల్లగా తగిలింది.

వచ్చిన పోలీసు డిప్యూటీ ఆమె చెల్లెలి కొడుకే. ప్రాణం ఎప్పుడు పోయిందని అడిగాడు.

"తెలీదురా. తల ఎత్తకూడదని రూలు."

అతను కవరు వంక చూశాడు. "నేను పెట్టేస్తాలే సంతకం, పెద్దమ్మా. ఎవరడుగుతారు?"

"నువ్వు చూళ్లేదుగా."

సంతకం చోటు ఖాళీగానే వదిలి ఆమె కవరు అంటించింది. ఆయన్ని మోసుకుపోయాక బల్లకు ఆ వైపు మొదటిసారి చూసింది. నిబంధనల కాగితం మీద, అది ఎగిరిపోకుండా బరువుగా, బుద్ధిగా మడిచిన కళ్లజోడు ఉంది. అది లేనిదే ఆయనకు ఎదుటి మనిషి మొహం ఆనేది కాదు.