ఏడూ పది నుంచి నాలుగున్నర దాకా

"మే నెల కాయితం ఎవలు చింపిండ్రు?"

ఈ ఇంట్లో ఎవరు అని అడిగితే జవాబు చెప్పాల్సింది నేనే. అత్తమ్మకు గోడ క్యాలెండర్ దాకా చేయి అందదు. అడిగే ఆయన కాక ఇంట్లో ఇంకో మనిషి లేరు. "నెల అయిపోయింది గదా, నేనే చింపిన" అన్నాను వంటింట్లోంచి.

"దాని మీద నా రాతలున్నయి. ట్యాంకు కడిగిచ్చింది, గ్యాస్ బుక్ చేసింది, అన్నీ."

కాగితం నూనె డబ్బా కింద ఉంది. తీసి ఇచ్చాను. సరిగ్గా ట్యాంకు కడిగించిన తేదీ మీదే గుండ్రంగా మరక పడింది. ఆయన దాన్ని రెండు వేళ్లతో పైకెత్తి వాళ్లమ్మకు చూపించాడు. "చూడే అవ్వా, డిగ్రీ చదివిన మనిషి చేసే పని."

"పోనీ తియ్యి బిడ్డా. గోడకు ఇంకా ఏడు నెలలు వేలాడుతున్నయి గదా" అంది అత్తమ్మ, చెవిలో పుల్ల తిప్పుకుంటూ.

మా ఆయన సదానందం కరీంనగర్‌లో ఒక గ్రానైట్ కంపెనీ ఆఫీసులో మేనేజరు. అన్నీ రాసుకునే మనిషి. మొదటి స్మార్ట్‌ఫోన్ కొన్న రోజు నుంచీ క్షవరం చేయించుకోవడం కూడా అందులో పెట్టుకుంటాడు. పది నిమిషాల ముందు ఫోన్ టింగుమంటుంది, ఆయన లేస్తాడు. "నేను మర్చిపోత గావచ్చు, నా ఫోన్ మర్చిపోనియ్యది" అని చుట్టాల ముందు చెప్పుకుంటాడు. ఆ గుణం నాకూ నచ్చేది. చెప్పిన సమయానికి చెప్పిన పని చేసే మగవాడు ఎంతమందికి దొరుకుతాడు అనుకునేదాన్ని.

నూనె మరక పడ్డ కాగితం వల్ల ఆ రోజే ఒక నిర్ణయం జరిగింది. ఇక గోడ క్యాలెండర్ ఉండదు. వాళ్ల ఆఫీసులో లాగా ఇంటికీ ఇంటర్నెట్ క్యాలెండర్ పెట్టాలి. ఎవరి ఫోన్‌లో చూసినా అందరి పనులూ కనబడాలి. ఎలాగూ పదమూడో తేదీ శుక్రవారం మా ఆడబిడ్డ మమత కూతురికి మా ఇంట్లోనే చెవులు కుట్టించాలి. మేనమామ ఒడి కావాలి కదా. చొప్పదండి నుంచి మమత అత్తింటివాళ్లు నలభై మంది వస్తారు. ఎవరు ఎప్పుడు ఏం చేయాలో అందులో రాసుకుంటే గందరగోళం ఉండదన్నాడు.

"రాణీ, నువ్వు బీకాం కంప్యూటర్స్ గదా. నువ్వే పెట్టు. ఆ చదువు గిప్పుడన్న అక్కరకొస్తది."

నా పేరు జ్యోతిరాణి. పెళ్లయ్యాక రెండేళ్లు ఒక ప్రైవేటు స్కూల్లో కంప్యూటర్లు చెప్పాను. మామయ్య మంచాన పడ్డప్పుడు మానేశాను. 'కొద్ది దినాలే' అన్నారు. ఆ కొద్ది దినాలకు పద్దెనిమిదేళ్లు నిండాయి.

మంగళవారం ఆయన ఆఫీసుకు పోయాక, భోజనాల బల్ల మీద ఆయన ల్యాప్‌టాప్ తెరిచి కూర్చున్నాను. చేతికి పని దొరికిన సంతోషం నిజంగానే కలిగింది. ఆయనకు నీలం రంగు, మమతకు ఆకుపచ్చ, అత్తమ్మ బీపీ డాక్టరుకు నారింజ. నా పేరు రాసి ఆగాను. అయిదింటికి లేవడం, నీళ్లు పట్టడం, అత్తమ్మకు గోలీలు, టిఫిను, టిఫిను బాక్సు, బట్టలు. ఇవన్నీ రాస్తే చూసినవాళ్లు నవ్వుతారనిపించింది. వదిలేశాను. దాంతో సోమవారం నుంచి ఆదివారం దాకా నా వరుసంతా తెల్లగా మిగిలింది. ఈ ఇంట్లో పనిలేని మనిషి ఎవరంటే తెర మీద స్పష్టంగా నేనే.

క్యాలెండర్‌ను నలుగురికీ పంచేముందు అది ఒక ప్రశ్న అడుగుతుంది. ఇతరులకు సమయం మాత్రమే చూపించాలా, వివరాలు కూడా చూపించాలా? ఆయన వివరాలు కూడా అన్నాడు. నేను కొంచెం సందేహించి ఆయన పాత నెలలు తిప్పి చూశాను. అనుకున్నట్టే ఫిబ్రవరిలో మొలల డాక్టరు నాలుగు సార్లున్నాడు. చెల్లెలి ముందు ఆయన చిన్నబోకూడదని ఆ నాలుగింటినీ ఒక్కొక్కటిగా దాచి, అప్పుడు పంచాను.

సాయంత్రానికి మమత ఫోన్. "వదినా, మస్తుగ పెట్టినవ్! నీ గడులన్నీ ఖాళీగున్నయని మా పనులు రాసిన. సోమవారం సకినాలు, మంగళవారం గారెలు, బుధవారం సామాను దించుడు. సరేనా?" నేను సరే అన్నాను. నవ్వుతూనే అన్నాను. తర్వాత నా వరుసలో నేనూ ఒకటి రాసుకున్నాను. గురువారం, ఆదిలాబాద్, ఉట్నూర్ అవ్వ కంటి ఆపరేషన్. మా అమ్మ ఉట్నూర్‌లో తమ్ముడు అంజి దగ్గర ఉంటుంది. ఒక కన్ను ఇదివరకే పోయింది. మిగిలిన కంటికే ఈ ఆపరేషన్.

శనివారం చూస్తే ఆ గడి ఖాళీగా ఉంది. ఆఫీసుకు బయల్దేరుతున్న ఆయన్ను అడిగాను.

"నేనే తీసిన. శుక్రవారం ఫంక్షన్ పెట్టుకొని గురువారం ఆదిలాబాద్ ఏందే? అంజి లేడా? కంటి ఆపరేషన్ ఎంతసేపు, గంటసేపట్ల ఇంటికి పంపుతరు. ఫంక్షన్ అయినంక పో, నాలుగొద్దులు ఉండు. నేను వద్దంటనా?"

వద్దనడు. ఎప్పుడూ వద్దనలేదు. ఆయన బండి వీధి మలుపు తిరిగాక ల్యాప్‌టాప్ తెరిచాను. తీసేసింది ఎక్కడైనా మిగిలి ఉందేమోనని వెతికే చోట ఉట్నూర్ అని కొట్టాను. ఇన్నేళ్ల ఆయన క్యాలెండర్‌లో మా ఊరి పేరు ఒక్కసారే ఉంది. 2016 ఏప్రిల్ 24, ఆదివారం, సాయంత్రం నాలుగున్నర. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు.

'ఉట్నూర్ సంగతి రాణికి చెప్పాలె.' దాని కింద వివరం: 'అంజి ఫోన్, పొద్దున 7.10. సీరియస్. అందరి తినుడు అయినంక.'

రెండోసారి చదివాను. మూడోసారి వేలు పెట్టి, చిన్నపిల్లలా ఒక్కొక్క అక్షరం చదివాను. కుక్కర్ కూత వేస్తోంది, ఎన్నో కూతో లెక్క తప్పింది. అత్తమ్మ లోపల్నుంచి "స్టవ్ బంద్ చెయ్యవా?" అంటోంది. నాకు ఆ మాట వినిపిస్తోంది గానీ అది నాతో అంటున్నదని తెలియడం లేదు.

ఆ ఆదివారం మమత పూలుపండ్లు, పెళ్లి ఖాయం చేసుకునే వేడుక. మగపిల్లవాడి తరఫువాళ్లు డెబ్భై మంది మా ఇంటికి వచ్చారు. వంటమనిషి రాలేదు. బగారన్నం, మటన్, పప్పు, అన్నీ నా చేతి మీదే. పొద్దున్నే ఆయన నా ఫోన్ అడిగి తీసుకున్నాడు. "నీ దాంట్ల ఫొటోలు మంచిగ వస్తయి" అన్నాడు. నా వస్తువు ఒకటి బాగుందన్నందుకు పొయ్యి ముందు కాసేపు నవ్వుకున్నాను కూడా. సాయంత్రం పెరట్లో గంజులు తోముతుంటే, గుమ్మంలో నిలబడ్డ ఆయన జేబులో ఫోన్ టింగుమంది. చూసి, ఆపి, లోపలికి పోయాడు. కాసేపటికి మళ్లీ వచ్చి "రాణీ, చెయ్యి కడుక్కో" అన్నాడు, ఎంతో మెల్లగా. తర్వాత చెప్పాడు. బాపుకు, మా నాన్నకు, బాగాలేదట, ఇప్పుడే అంజి ఫోన్ చేసిండు, బయల్దేరుదాం అని. తొమ్మిదేళ్లు నేను ఆ మాటను దాచుకున్నాను. చెప్పేముందు చెయ్యి కడుక్కోమన్న మనిషి అని. నాకు దెబ్బ తగలకుండా చెప్పాలని చూసిన మనిషి అని. అది పది నిమిషాల ముందు మోగిన గంట అని నాకేం తెలుసు?

మేం చేరేసరికి బాపును కింద పడుకోబెట్టారు. మధ్యాహ్నం మూడింటికి పోయాడన్నారు. అంజిని పట్టుకుని గుంజాను, ఇంత ఆలస్యంగా కబురు చేస్తావా అని. "పొద్దుగాలనే చేసిన అక్కా" అన్నాడు వాడు. పక్కనుంచి ఈయన "ఆగమాగంల వానికి టైం యాదుంటదా, ఏమనకు" అన్నాడు. వాణ్ణి వెనకేసుకొచ్చినట్టే అన్నాడు. తప్పు కప్పిపుచ్చుకోవడానికి తమ్ముడు అబద్ధమాడుతున్నాడని నేను నమ్మాను. వాడి పెళ్లికి పోయి ఒక్కపూటే ఉండి వచ్చాను. రాఖీ పోస్టులో పంపాను.

ఎనిమిదింటి బస్సు ఎక్కి ఉంటే లక్షెట్టిపేట, జన్నారం మీదుగా ఒంటిగంట లోపలే ఉట్నూర్ చేరేదాన్ని. బాపు మూడింటి దాకా ఉన్నాడు. ఆ రెండు గంటల్లో నేను బగారన్నం దించి, దాని మీద వేయించిన ఉల్లిగడ్డలు చల్లుతున్నాను. అందరూ చాలా బాగుందన్నారు.

స్టవ్ ఆపి అంజికి ఫోన్ చేశాను.

"అంజీ, బాపు పోయిన రోజు మీ బావకు ఎన్నింటికి చేసినవ్‌రా?"

అటు నడుస్తున్న జీపు ఆగిన చప్పుడు. బాపు నడిపిన జీపే, ఇప్పుడు వాడు నడుపుతున్నాడు. "మల్ల అదే ముచ్చటనా అక్కా? ఏడు దాటింది. నీకు అప్పుడే చెప్పిన. నువ్వు నమ్మలే."

"నాకెందుకు చెయ్యలే?"

"చేసిన. నీ ఫోన్ గూడ బావనే ఎత్తిండు. 'చెప్పిన, బయల్దేరుతున్నం' అన్నడు. బాపుకు అదే చెప్పిన. పానం పొయ్యేదాక, సడక్ మీద బండి మోత ఇనబడ్డప్పుడల్ల 'గిది మన రాణి బస్సేనా' అని అడిగిండు."

"నమ్మిన తమ్మీ" అన్నాను. "గిప్పుడు నమ్మిన." వాడు జీపు మళ్లీ స్టార్ట్ చేయలేదు. ఏడుస్తున్నాడని తర్వాత తెలిసింది.

ఆ ఏప్రిల్ 24 గడిని నేను తీసేయలేదు. మొలల డాక్టరును దాచినట్టు దాచనూ లేదు.

ఆదివారం మధ్యాహ్నం మమత వచ్చింది. కోడికూర, పచ్చిపులుసు చేశాను. ముగ్గురికీ వడ్డించాను.

"క్యాలెండర్ అయ్యిందా రాణీ?" అన్నాడు ఆయన, ముద్ద కలుపుతూ.

"అయ్యింది. మీ పాతయి గూడ అన్నీ ఉన్నయి. రెండువేల పదహారు దాకా చూసిన. మమత పూలుపండ్ల రోజు దాకా."

"అబ్బో, నా పూలుపండ్లు గూడ ఉన్నదా!" మమత నవ్వింది. "ఏం రాసుకున్నవ్ అన్నా?"

ఆయన నీళ్ల గ్లాసు అందుకున్నాడు. తాగి కింద పెట్టలేదు, పట్టుకునే ఉన్నాడు.

నేను ఇంకో కంచం తెచ్చుకుని ఆయనకు ఎదురుగా కూర్చున్నాను. అందరూ తినకముందే నేను కూర్చోవడం ఈ ఇంట్లో కొత్త. అత్తమ్మ నా కంచం వైపు, నా మొహం వైపు చూసింది.

"రేపు పొద్దున ఆరింటి బస్సుకు ఉట్నూర్ పోతున్న" అన్నాను. "గురువారం అవ్వ ఆపరేషన్‌కు నేనుంట."

"మరి శుక్రవారం వదినా? వంట? సకినాలు?" మమత చేతిలో ముద్ద అలాగే ఉంది.

"వంటోళ్లను మాట్లాడుకోండ్రి. చెవులు కుట్టేటప్పుడు పిల్ల కూసునేది మేనమామ ఒళ్ల. మేనమామ ఈడ్నే ఉంటడు."

"గట్లంటవేంది బిడ్డా, నలభై మంది వస్తుండ్రు" అంది అత్తమ్మ. ఆమెకేం తెలియదు. ఆమె మీద నాకు కోపం రాలేదు. పచ్చిపులుసు ఇంకొంచెం పోశాను.

ఆయన గ్లాసు కింద పెట్టాడు. ఆనాడు 'చెయ్యి కడుక్కో' అన్నంత మెల్లగా అడిగాడు. "మల్ల ఎప్పుడొస్తవ్ రాణీ?"

నేను కూర కలుపుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. నమిలి మింగాను.

"అందరి తినుడు అయినంక చెప్త" అన్నాను.