పందిరి గుంజలు

ఎనిమిదితో చదువు ఆపేసినవాణ్ణి బిలాస్‌పూర్ రైల్వే తీసుకోలేదు. అడవి తీసుకుంది, కాపలాకి. అదీ కచ్చా నౌకరీయే, పర్మనెంటు కాదు. బిలాస్‌పూర్ దగ్గరి కోటా ఊరి అవతల ఎప్పుడో రైలుపట్టాల స్లీపర్ల కోసం నరికేసిన సరయి అడవి అది. మావైపు గుగ్గిలం చెట్టంటారు. నరికినచోట మళ్ళీ మొలకలొస్తున్నాయని కంచె వేసి నన్ను కూర్చోబెట్టారు.

అవేం మొక్కలు! వానల్లో జానెడు లేస్తాయి, ఎండల్లో చచ్చి పుల్లలవుతాయి. మళ్ళీ వానకి అక్కడే రెండాకులు, మళ్ళీ చావు. ఏళ్ళ తరబడి ఇదే. పీనుగులకి కాపలా కాస్తున్నానని రేంజర్ జయప్రకాష్ గారితో అనేశాను. ఆయన ఒక మొదలు తవ్వి చూపించాడు. పైన అగ్గిపుల్లంత, కింద వేరు మణికట్టంత.

"చావడం కాదు సూర్యం, కింద బలం కూడబెట్టుకుంటోంది. ఒక ఏడు గట్టిగా లేచిందంటే ఇక ఎండదు" అన్నాడు హిందీలో.

లేచాయి. చాలావాటిని పొదల నీడే తినేసింది గానీ, మిగిలినవి నిటారుగా నా తల దాటాయి. వేసవిలో పెద్దాఫీసరు వస్తాడట. తల దాటినవి కనిపిస్తే కంచె ఉంటుంది, నా పనీ ఉంటుంది. లేకపోతే పశువులకి వదిలేస్తారు. నా సంతోషం నోట్లో ఆగలేదు. చెల్లెలు చిన్నమ్మి వాళ్ళ రైల్వే క్వార్టర్‌కి వెళ్ళినప్పుడల్లా ఈ వేర్ల కథే చెప్పాను.

ఆ వేసవిలోనే చిన్నమ్మి కూతురు సౌభాగ్య పెళ్ళి. మావాళ్ళలో పందిరి రాట మేనమామే తెచ్చి పాతాలి. అది పాతాకే మిగతా గుంజలు లేస్తాయి.

"అన్నియ్యా, నీ అడవిలోవి తిన్నగున్నాయంట. పందిరికి నాలుగు కర్రలు తెచ్చీ" అంది చిన్నమ్మి.

"రాటకి నేరేడు కొమ్మ తెస్తాను. నా మొక్కల జోలికి రాకండి."

"నీ మొక్కలేటి? మీ బాబు నాటినాడా?" అన్నాడు చిన్నమ్మి మొగుడు నూకరాజు. అందరూ నవ్వారు.

సెలవు పెట్టి, బిలాస్‌పూర్‌లోనే కుదుదండ్ పేటలో తెలిసినాయన పెరట్లో నేరేడు కొమ్మ కొట్టించుకుని క్వార్టర్‌కి వచ్చాను. గోడకి గుంజలు చేరేసున్నాయి. ఒక్కొక్కదాన్నీ గుర్తుపట్టాను, నా తల దాటినవన్నీ అక్కడే ఉన్నాయి. కోసినచోట ఇంకా తడి ఆరలేదు.

"ఏటి బావా, మొకం అలగ పెట్టీసేవు?" అన్నాడు నూకరాజు. "లోకో షెడ్ కుర్రోళ్ళూ నానూ ట్రాక్టర్ మీద తెచ్చీసేం. పైన పోనా వేరు బతికుంటాదని నువ్వే కదా సెప్పినావు. మల్లీ మొలుస్తాది!"

నిజమే, మొలుస్తుంది. కంచె ఉంటే.

నేను రాట పాతనంటే పందిరి లేవదు. పందిరి లేవనంత మాత్రాన ఆ గుంజలు తిరిగి అడవికి పోవు. ముత్తైదువలు గోతిలో నవధాన్యాలు పోసి, "రావయ్యా మేనమామా" అంటున్నారు. సౌభాగ్య నావైపే చూస్తోంది. పాతాను.

ఆఫీసరు జీపైనా దిగలేదు. మోళ్ళని చూసి, "చౌకీదార్ ఎవడు?" అన్నాడు. నేనే అన్నాను. జయప్రకాష్ గారు నా వైపు చూడలేదు. వానలు రాకముందే కూలీలొచ్చి కంచె తీగ చుట్టలు చుట్టి పట్టుకుపోయారు.

తొలివానకి మోళ్ళ పక్కన ఎర్రటి చిగుళ్ళొచ్చాయి. నాకక్కడ పనేం లేదు, అయినా వెళ్ళాను. పశువులు అప్పటికే దిగాయి. ఒకదాన్ని అదిలిస్తే పక్కది తొక్కుకుంటూ పోయింది.

"నువ్వెవరు?" అన్నాడు కాపరి.

ఎవర్నీ కానన్నాను. వాడు గట్టున నిలబడ్డ మిగతావాటిని కూడా లోపలికి తోలాడు.