ఆఖరి రెండు గ్లాసుల పుచ్చకాయ ఐసు

ఎండలు ముదిరాక టైలరమ్మ ఇంట్లో రోజూ ఇదే తంతు. పొద్దున్నే పుచ్చకాయ కోసి, గింజలు ఏరి, గుజ్జు మెదిపి, చిటికెడు ఉప్పూ కాస్త నిమ్మరసమూ కలిపి ఆరు స్టీలు గ్లాసుల్లో పోయడం, ఫ్రీజర్లో పెట్టడం, సగం గట్టిపడ్డాక పుల్లలు గుచ్చడం. పోసేటప్పుడు మాత్రం ఆవిడ ఆ పుల్లలు ఆరూ పళ్ళ మధ్య కరిచి పట్టుకునేది. నోరు తెరిచిందా, అంతే సంగతులు. ఆ ఇంట్లో గ్లాసు నింపుతూ ఏ మాటన్నా రసంతో పాటే గడ్డకడుతుంది. తిన్నవాళ్ళ నోట్లో కరిగి, అన్నవాళ్ళ గొంతుతోనే బయటికొచ్చేస్తుంది.

పోయినేడు ఒకసారి పరధ్యానంగా కొలతలు గొణుక్కుంటూ పోసింది. ఆ ఐసు చప్పరిస్తూ పైవాటా పిన్నిగారు మెట్ల మీద నిలబడి, "నడుము నలభై రెండు, ఎంత దాచినా దాగదు" అని టైలరమ్మ గొంతుతో అందరికీ వినిపించింది. ఆ నడుము పిన్నిగారిదే. వారం రోజులు మాటల్లేవు.

ఇవాళ నాలుగు గ్లాసులు నిండేసరికి బట్టలు కుట్టించుకునేవాళ్ళెవరో తలుపు కొట్టారు. "మిగతా రెండూ మీరు పోసెయ్యండి, నోరు మూసుకుని" అని మొగుడికి అప్పజెప్పి వెళ్ళింది. ఆయన స్కూలు బస్సు డ్రైవరు, పొద్దుటి ట్రిప్పు ముగించుకుని అప్పుడే వచ్చాడు. పది మాటలకి ఒక మాట పలికే మనిషి, ఈయనతో భయమేముంది అనుకుంది. ఫోనొకటుందని ఆవిడకి తట్టలేదు.

మధ్యాహ్నం ఆయన రెండో ట్రిప్పుకి కిందికి దిగాక పిన్నిగారు వచ్చి ఒక ఐసు తీసుకుంది. రెండుసార్లు చప్పరించిందో లేదో, ఆవిడ నోట్లోంచి డ్రైవరు గొంతు పలికింది.

"మా ఆవిడకి మాత్రం చెప్పకు. నీకు దణ్ణం పెడతాను."

పిన్నిగారు మూతి తుడుచుకుంది. "నాకెందుకమ్మా మీ సంసారం గొడవ" అంది. అంది గానీ కుర్చీలోంచి కదిలితే ఒట్టు.

టైలరమ్మకి ఒళ్ళు మండిపోయింది. ఈ వయసులో ఈయనకిదేం పోయేకాలం? ఎవత్తో ఇప్పుడే తేల్చేస్తాననుకుని ఆరో గ్లాసు ఐసు లాగి, పళ్ళు జివ్వుమంటున్నా పటపటా కొరికేసింది. మొగుడి గొంతు తన నోట్లోంచే వచ్చింది.

"ఎడమ కన్ను పూర్తిగా పోయిందిరా. నెలైంది. బడివాళ్ళకి తెలిస్తే బస్సు మీంచి దింపేస్తారు. ఎలాగో నెట్టుకొస్తున్నా."

టైలరమ్మ పుల్ల పక్కన పడేసింది. నెల రోజులు ఎదురుగా కూర్చోబెట్టి అన్నం పెట్టింది, ఏమీ కనిపెట్టలేకపోయింది. పిల్లలు బస్సెక్కేది ఎడమవైపు నుంచే. ఆ మాట తట్టేసరికి చెప్పులైనా వేసుకోకుండా మెట్లు దిగి పరిగెత్తింది.

ఇంటి ముందున్న బస్సు ఇంజను అప్పటికే వేసి ఉంది. ఆవిడ ఎడమ తలుపు దగ్గరికెళ్ళి, మెట్టు పక్కన నిలబడి రెండు చేతులూ ఊపింది. ఆయన తల సగం ఇటు తిప్పాడు. చూశాడు. ఎవరూ లేరనుకుని గేరు వేశాడు.

బస్సు కదిలింది. రేకు మీద పిడికిళ్ళతో దబదబా బాదింది. బస్సు కీచుమని ఆగింది. ఆయన ఈసారి మొత్తం తిరిగి చూశాడు.

"నువ్వా? ఎప్పుడొచ్చావు?"

"ఇందాకట్నుంచీ ఇక్కడే ఉన్నాను. పిల్లలెక్కే మెట్టు దగ్గర."

ఆయన ఆవిణ్ణీ మెట్టునీ మార్చి మార్చి చూశాడు. నీకెలా తెలిసిందని అడగలేదు. ఇంజను ఆపేశాడు.

"నిన్న ఒక పిల్ల చెప్పు జారిందని అక్కడే వంగింది" అన్నాడు. "పక్కవాళ్ళు అరిస్తే ఆగాను."

ఆయనే ఫోను తీసి బడికి చేశాడు, ఇంకో డ్రైవర్ని పంపమన్నాడు. ఎందుకని అడిగినట్టున్నారు, ఉన్నదున్నట్టు చెప్పేశాడు. తాళంచెవి సీటు మీద పెట్టి, ఎడమ తలుపు దాకా వచ్చి, మెట్టు ఎంత కిందికుందో అంచనా తెలియక ఆగిపోయాడు.

"చెయ్యివ్వండి" అంది ఆవిడ.