తాళమేసిన బడిలో పొగ

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలయ్యాక మొగుళ్లపల్లి బడి గేటుకు తాళం పడింది. పంతుళ్లు పొద్దున్నే బస్టాండు దగ్గర టెంటు కింద కూర్చుంటున్నారు. బస్సులు డిపోల్లోనే ఉండిపోయాయి. బొగ్గు బాయిల్లో పని ఆగింది. ఊరంతా సెలవులా ఉన్నా ఎవరి మొహంలోనూ సెలవు కళ లేదు.

అటువంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం చిలుకమ్మకు బడి వెనుక నుంచి పొగ లేస్తూ కనబడింది.

చిలుకమ్మది బడి ఎదురిల్లు. వాకిట్లో మిషన్ వేసుకుని జాకెట్లు కుడుతుంది. మిషన్ తొక్కుతూనే వీధిలో ఎవరు ఎటు పోతున్నారో చూస్తుంది. ఎవరింటికి చుట్టాలొచ్చారో, ఎవరికెవరితో మాటల్లేవో ఆమెకు తెలియాల్సిందే. తెలిసింది కడుపులో దాగదు. అందుకే ఊరి ఆడవాళ్లు ఆమెకు కొలతలిస్తారు గానీ కష్టసుఖాలు చెప్పరు.

గేటుకు తాళం అట్లాగే ఉంది. లోపల పొగ. కాసేపటికి ఎల్లిపాయ తాలింపు వాసన కూడా వచ్చింది. చిలుకమ్మ కాళ్లు మిషన్ మీద ఆగిపోయాయి.

సాయంత్రం రుక్కి ఎదురైంది. బడి పిల్లలకు మధ్యాహ్నం బువ్వ వండేది ఆమే. తండా నుంచి నడిచొస్తుంది.

"రుక్కీ, బడి బందు గదా, ఎటు పోయొస్తున్నవ్?"

"ఎటు లేదక్కా. గిన్నెలు తోమివచ్చిన."

"వండకుంట గిన్నెలెట్ల మాసినయే?"

రుక్కి నవ్వి, అడుగులు పెద్దవి చేసి వెళ్లిపోయింది.

మర్నాడు చిలుకమ్మ టెంటు దగ్గరికే పోయి బడి పంతులును పట్టుకుంది. "రఘునాథ్ సారూ, బడిల పొగ లేస్తుంది. ఏంది?"

సారు అటూ ఇటూ చూశాడు. "ఎవరో ఆకులు కాలవెట్టిండ్రేమో, చిలుకమ్మా."

"కాలిన ఆకులు తాలింపు వాసన వస్తయా సారూ?"

రఘునాథ్ మొహం తిప్పుకుని అందరికంటే గట్టిగా జై తెలంగాణ అన్నాడు.

ఇంక ఆమెకు అన్నం సహించలేదు. ఆ మధ్యాహ్నమే బడి వెనక్కి పోయి, ప్రహరీ కూలిన చోట నుంచి లోపలికి తొంగి చూసింది. వంట షెడ్డు కింద పిల్లలు వరుసగా కూర్చుని తింటున్నారు. రుక్కి అన్నం పెడుతోంది. కిరాణా శావుకారి భార్య మాధవీలత పప్పు పోస్తోంది. పిల్లల్లో ఒకమ్మాయి తలెత్తకుండా తింటోంది. చిలుకమ్మ పక్కింటి ఎల్లేశ్ కూతురు సుమ.

ఎల్లేశ్ భూపాలపల్లి డిపోలో కండక్టర్. సమ్మె టెంటులో ముందు వరుస అతనిదే. జీతం లేకుండా ఇల్లెట్లా గడుస్తోందని ఎవరడిగినా, "మాకేంది, పుష్కలంగ ఉన్నది" అంటాడు.

చిలుకమ్మను చూసి మాధవీలత చేతిలో గరిటె ఆగింది. టెంటు నుంచి అప్పుడే వచ్చిన రఘునాథ్ గోడ దగ్గరికి వచ్చాడు.

"చూసినవ్ గదా. జర బయట అనకు. కొంతమంది పిల్లలకు బడి బువ్వే బువ్వ. వాళ్లను పస్తులుంచుడు మాతోటి కాలే. ఇరుగుపొరుగు తలా ఇంత బియ్యం తెస్తున్నరు. బడి తెరిచిండ్రని తెలిస్తే సమ్మె విరగ్గొట్టిండ్రంటరు. పిల్లల తల్లిదండ్రులకు గూడ నామోషీ. ఎల్లేశ్‌కు తన బిడ్డ ఇక్కడికొస్తున్నట్టే తెల్వదు. తల్లి స్వప్ననే పంపుతుంది."

చిలుకమ్మ అంతా విని, "మరి స్వప్న ఏం తింటుంది సారూ?" అంది.

సారు మాధవీలత వైపు చూశాడు. మాధవీలత రుక్కి వైపు చూసింది. ఆ ఆలోచన అప్పటిదాకా ఎవరికీ రాలేదు.

ఇంటికి పోతూ చిలుకమ్మ నేరుగా స్వప్న ఇంట్లోకి వెళ్లింది. పండుగకు జాకెట్ కుట్టాలా అని అడగడం ఒక సాకు. స్వప్న ఒంటి మీది జాకెట్ భుజం మీద నిలవడం లేదు. అది చిలుకమ్మ కొలత తీసి కుట్టిందే. పొయ్యిలో బూడిద చల్లగా ఉంది.

"ఏం తిన్నవే?"

"గంజి తాగిన."

"నిన్న?"

స్వప్న జారిన జాకెట్‌ను భుజం మీదికి లాక్కుంది. "ఆయనకు చెప్పకక్కా. ఉన్న బియ్యం ఆయనకే వండుతున్న. నేను ముందే తింటున్ననని అనుకుంటుండు."

చిలుకమ్మ ఇంటికొచ్చి మిషన్ ముందు కూర్చుంది గానీ దారం ఎక్కించలేకపోయింది.

రెండు రోజులు గడవక ముందే సమ్మె కమిటీ పెద్ద కాటమయ్య ఆమె వాకిట్లోకి వచ్చాడు. "అక్కా, బడి తెరిచిండ్రట, నిజమేనా? నీకు తెల్వకుంట ఉండదు."

చిలుకమ్మకు మాట నాలుక చివరి దాకా వచ్చింది. మింగేసింది.

"గదంత ఏమోగాని కాటమన్నా, అన్ని ఊర్లల్ల వంటావార్పు చేసిండ్రట గదా, రోడ్డు మీదనే పొయ్యి వెట్టి, వండి, అందరు ఆన్నే కూసోని తినుడు. మనూర్ల ఎందుకు చేస్తలేం?"

"ఒక్క దినం చేయొచ్చు."

"ఒక్క దినం ఎందుకు? సమ్మె నడిచినన్ని దినాలు చేద్దాం. పిల్లలు, ముసలోళ్లు, అందరు తినాలె. సర్కారుకు కనబడాలె."

"బియ్యం ఎవలిస్తరు?"

"గది నాకిడిచిపెట్టు."

కాటమయ్య ఒకసారి బడి వైపు, ఒకసారి ఆమె వైపు చూశాడు. బడి సంగతి మళ్లీ అడగలేదు.

చిలుకమ్మ ఇల్లిల్లూ తిరిగింది. ఇంతకాలం ఆమె గొంతు వింటే తలుపు దగ్గరికి వేసిన వాళ్లు కూడా బియ్యం కొలిచి పోశారు. రైతులు బీరకాయలు, సోరకాయలు తెచ్చారు. మాధవీలత కందిపప్పు, నూనె పంపింది. రుక్కి బస్టాండు ముందు నడిరోడ్డు మీద మూడు రాళ్లు పెట్టి మంట వేసింది.

మొదటి రోజు స్వప్న రాలేదు. చిలుకమ్మ ఎల్లేశ్ ముందు నిలబడింది.

"తమ్మీ, కండక్టర్ ఇంట్లకెళ్లి ఆడమనిషే రాలేదని నలుగురు అనరా? ఉద్యమం మొగోళ్లదేనా?"

ఎల్లేశ్‌కు పౌరుషం వచ్చింది. తానే ఇంటికి పోయి భార్యను పిలుచుకొచ్చాడు. స్వప్న మాధవీలత పక్కన కూర్చుంది. రుక్కి విస్తరిలో అన్నం పెట్టింది. స్వప్న తలవంచుకుని తిన్నది. మళ్లీ పెట్టించుకుంది. మూడోసారి కూడా వద్దనలేదు.

ఎదురు వరుసలో ఎల్లేశ్ చెయ్యి ముద్ద దగ్గరే ఆగిపోయింది. భార్య తినడాన్ని కొత్తగా చూస్తున్నట్టు చూశాడు. ఆమె మణికట్టు మీద గాజులు మోచేతి దాకా జారడం చూశాడు. తిన్నాక లేచి, రుక్కి చేతిలోంచి పప్పు బకెట్టు తీసుకుని వరుస చివరి దాకా వడ్డించాడు. స్వప్న దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం ఆమె అడక్కుండానే ఇంకో గరిటె పోశాడు.

ఆ రోజు నుంచి వడ్డన అతనిదే.

సమ్మె ముగిసింది. బడి తెరిచారు. కానీ జీతాలు ఇంకా చేతికి రాలేదు, కూలి పనులూ అందుకోలేదు. మధ్యాహ్నానికి ముసలివాళ్లు, కూలివాళ్ల ఇళ్ల ఆడవాళ్లు అలవాటుగా బస్టాండు దగ్గరికొచ్చి నిలబడ్డారు. బడిలో వంట ముగించుకొచ్చిన రుక్కి ఎసరు పెట్టే ఉంచింది.

కాటమయ్య తల గోక్కున్నాడు. "సమ్మె అయిపాయె. ఇగ ఏం పేరు వెట్టి వండుదాం?"

వెనుక బస్సు హారన్ మోగింది. ఖాకీ బట్టల్లో ఎల్లేశ్ ఫుట్‌బోర్డు మీద నుంచి వంగి అరిచాడు.

"పేరు తర్వాత జూద్దామన్నా! ముందుగాల పొయ్యి జర పక్కకు జరుపుండ్రి, బస్సు పోవాలె!"